కేంద్రకం అంచున నల్లచుక్క

  మా మాస్టారి పేరిట ఏటా జరిపే ఈ ఉపన్యాసానికి రమ్మని కబురు వచ్చినప్పుడు ఏం మాట్లాడాలా అని నేను తడుముకోలేదు. ఆయన నాకొక చుక్క చూపించారు. నలభై ఏళ్ళకు పైగా దాని వెంటే నడిచాను. దాని కథే చెబుతాను.

బీఎస్సీ రెండో ఏడు, జువాలజీ ప్రాక్టికల్. మా బ్యాచిలో ఆడపిల్లలం నలుగురం. మాస్టారు తలా ఒక చెక్కపుల్ల ఇచ్చి, నోరు పుక్కిలించుకుని బుగ్గ లోపలి పొరను మెల్లగా గీకమన్నారు. పుల్లకు అంటిన తెల్లటి జిగురును స్లైడు మీద పలచగా పూసి, ఎసిటో ఆర్సీన్ రెండు చుక్కలు వేసి, కవర్‌స్లిప్ పెట్టి, వడపోత కాగితం మడతలో ఉంచి బొటనవేలితో అదిమాం. గదంతా వెనిగార్ వాసన. మైక్రోస్కోపులో మొదట గులాబీరంగు మసక తప్ప ఏమీ కనబడలేదు. ఫోకస్ మరను వెంట్రుకవాసి తిప్పేసరికి పలచని అప్పడం ముక్కల్లాంటి కణాలు, ఒక్కో దాని మధ్య గుండ్రటి కేంద్రకం తేలాయి. అలా ఓ పదిహేను కణాలు దాటాక ఒక కేంద్రకం అంచుకు అతుక్కుని ముదురు చుక్క ఒకటి కనిపించింది. మాస్టారు కంటిగొట్టంలోకి చూసి, "అదేనమ్మా, నీ ఎక్స్‌లలో ఒకటి" అన్నారు. పక్క బల్ల మీద మగపిల్లల స్లైడ్లలో ఎంత వెతికినా ఆ చుక్క లేదు.

రికార్డులో రాశాను: ఇది బార్ బాడీ, ఎక్స్ క్రోమోజోము నిష్క్రియం కావడం వల్ల ఏర్పడుతుంది. మర్నాడు రికార్డు తిరిగి వచ్చింది. ఎర్రసిరాతో ఒక ప్రశ్న. "పేరు చెప్పావు. పని ఎవరు చేశారు?"

అప్పటికి ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలిసే అడిగారని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. ఇవాళ జవాబు చాలావరకు ఉంది. ఆయనకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను.

ఆ చుక్కను మొదట చూసింది ఆడపిల్లి మెదడులో. 1949లో కెనడాలో మర్రే బార్, ఆయన విద్యార్థి బెర్‌ట్రామ్ పిల్లుల నాడీకణాలను పరీక్షిస్తూ, ఆడపిల్లులలో ఉన్న చుక్క మగవాటిలో లేదని గమనించారు. 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ ఎలుకల బొచ్చురంగుల్ని చూసి అసలు సంగతి పట్టుకున్నారు. ఆడజీవికి రెండు ఎక్స్‌లు, మగజీవికి ఒకటి. పిండం ఇంకా కొద్ది కణాల ముద్దగా ఉన్నప్పుడే ఆడపిండంలో ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూగబోయేలా చేస్తుంది. తల్లినుంచి వచ్చిందా, తండ్రినుంచి వచ్చిందా అన్నది ఏ కణానికాకణం యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఒకసారి ఎంచుకున్నాక దాని సంతతి అంతా అదే ఎంపికను నిలబెడుతుంది.

మన వీధుల్లో తిరిగే మూడురంగుల పిల్లిని చూడండి. నారింజ మచ్చ ఉన్నచోట ఒక ఎక్స్ మాట్లాడుతోంది, నల్లమచ్చ ఉన్నచోట రెండోది మాట్లాడుతోంది. తెలుపు వేరే జన్యువు పని. ఆ నారింజకు కారణమేమిటో 2025లో తేలింది. ఎక్స్ మీద ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు దగ్గర కొంత డీఎన్ఏ ముక్క ఎగిరిపోవడమే కారణమని జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయం, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ బృందాలు చూపించాయి. ఆ మచ్చల సరిహద్దు పిల్లి బతికినన్నాళ్ళూ చెదరదు. ఎన్నిసార్లు బొచ్చు ఊడి మొలిచినా మళ్ళీ అదే పటం. పిండంలో చేసుకున్న ఎంపిక, పదిహేనేళ్ళ ముసలి పిల్లి చర్మంలో కూడా గుర్తుంది. డీఎన్ఏ అక్షరాలు మారలేదు. మరి ఈ గుర్తు ఎక్కడ రాసి ఉంది? ఎవరు కాపాడుతున్నారు?

ఇక్కడ కాస్త కేంద్రకం లోపలికి వెళ్ళాలి. మన కణం ఒక్కో దానిలో ఉన్న డీఎన్ఏను సాగదీస్తే రెండు మీటర్లు. అదంతా మిల్లీమీటరులో వందో వంతు వెడల్పు కూడా ఉండీ లేని కేంద్రకంలో ఇమడాలి. చీరాల, మంగళగిరి వైపు మగ్గం ఉన్న ఇళ్ళలో నూలు కండెలకు చుట్టడం చూసే ఉంటారు. ఇక్కడ కండెలు హిస్టోన్లనే ప్రోటీన్లు. హెచ్2ఎ, హెచ్2బి, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాలు, రకానికి రెండు చొప్పున ఎనిమిది కలిస్తే ఒక కండె. దాని చుట్టూ 147 అక్షరాల డీఎన్ఏ. రెండు చుట్లు కూడా పూర్తిగా పడవు, పోగు పక్క కండెకు వెళ్ళిపోతుంది. అలా ఒక్క కణంలో సుమారు 3 కోట్ల కండెలు. వీటినే న్యూక్లియోజోములు అంటున్నాం.

హిస్టోన్లను జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ కొస్సెల్ 1884లోనే పెద్దబాతు రక్తకణాల నుంచి వేరు చేశారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు వాటిని సామాను కట్టే తాళ్ళలాగే చూశారు. తాడుకు తెలివి ఏముంటుంది అనుకున్నారు. 1964లో న్యూయార్కులో విన్సెంట్ ఆల్‌ఫ్రీ, ఈ హిస్టోన్లకు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగులుకుంటోందని, అది తగులుకున్నప్పుడు జన్యువులు చురుకవుతున్నాయేమోనని రాశారు. చాలామంది పట్టించుకోలేదు. ఆ ఎసిటైల్‌ను తగిలించే ఎంజైము ఏదో చూపిస్తే గానీ నమ్మేటట్టు లేరు. అది దొరకడానికి 32 ఏళ్ళు పట్టింది.

దొరికిన తీరు మాత్రం చెప్పకుండా ఉండలేను. చెరువు నీటిలో బతికే టెట్రాహైమినా అనే ఏకకణజీవి ఉంది. దానికి రెండు కేంద్రకాలు. పెద్దది పగలూ రాత్రీ పనిచేస్తుంది, అందులోని హిస్టోన్లకు ఎసిటైల్ నిండుగా ఉంటుంది. చిన్నది తర్వాతి తరం కోసం దాచిన విత్తనం లాంటిది, మామూలు రోజుల్లో నోరు మెదపదు, దాని హిస్టోన్లకు ఎసిటైల్ ఉండదు. ఒకే కణంలో, ఒకే గోడ లోపల, మాట్లాడే జన్యువులు ఒక గదిలో, మాట్లాడనివి మరో గదిలో! డేవిడ్ ఆలిస్ ఈ జీవిని నమ్ముకున్నారు. ఆయన ప్రయోగశాలలో జేమ్స్ బ్రౌనెల్ ఒక జెల్‌లో ముందుగానే హిస్టోన్లు కలిపి పోశాడు. అందులో పెద్ద కేంద్రకం ప్రోటీన్లను పరుగెత్తించి, రేడియోధార్మిక ఎసిటైల్ అందించాడు. ఎంజైము ఉన్నచోట దాని చుట్టూ ఉన్న హిస్టోన్లకే ఎసిటైల్ అంటుకుని, ఫిల్ము మీద ఒక్క నల్లగీత పడింది. ఆ గీతలోని ప్రోటీను ఏదో చదివి చూస్తే, అది ఈస్టులో జీసీఎన్5గా ఎప్పటినుంచో తెలిసినదానికి తోబుట్టువు. జీసీఎన్5 జన్యువుల్ని చురుకు చేస్తుందని తెలుసు, ఎలా చేస్తుందో తెలియదు. 1996 మార్చిలో ఈ ఫలితం అచ్చయింది. కొద్ది వారాలకే స్టూవర్ట్ ష్రైబర్ బృందం ఎసిటైల్‌ను ఊడబీకే ఎంజైమును పట్టుకుంది. తగిలించే చెయ్యి, తీసేసే చెయ్యి ఒకే వసంతంలో దొరికాయి. మాస్టారి ప్రశ్నకు జవాబు మొదలైంది అక్కడే అని నా నమ్మకం.

ఎసిటైల్ పని కొంత సూటిగా అర్థమవుతుంది. హిస్టోన్ల కొసలు కండె నుంచి బయటికి పోగుల్లా వేలాడుతుంటాయి. వాటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లాలకు ధన విద్యుదావేశం, డీఎన్ఏకు రుణ ఆవేశం. అందుకే రెండూ గట్టిగా అతుక్కుంటాయి. లైసిన్‌కు ఎసిటైల్ తగిలితే ఆవేశం పోయి పట్టు సడలుతుంది, చదివే యంత్రాంగం లోపలికి వస్తుంది. మిథైల్ అనే మరో చిన్న గుంపు కథ వేరు. అది లైసిన్ ఆవేశాన్ని మార్చదు. ఒకచోట తగిలితే జన్యువు మూగబోతుంది, నాలుగు అమైనో ఆమ్లాల అవతల తగిలితే గొంతెత్తుతుంది. అంటే గుర్తులో అర్థం లేదు, దాన్ని చదివే ప్రోటీనులో ఉంది. హెచ్3 కొసలో 9వ లైసిన్ మీద మిథైల్ ఉంటే హెచ్‌పీ1 అనే ప్రోటీను వచ్చి పట్టుకుని కండెల్ని దగ్గరకు లాగి బిగిస్తుంది. అదే హెచ్3లో 4వ లైసిన్ మీద ఉంటే వచ్చేవాళ్ళు వేరే, చేసే పని వేరే. రాసేవి, చెరిపేవి, చదివేవి అని ఈ ప్రోటీన్లను మూడు కులాలుగా పాఠ్యపుస్తకాలు విడదీస్తాయి. నిజానికి ఒకే ప్రోటీను గుంపులో రాసేదీ చదివేదీ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. దాని సంగతికి వస్తాను.

ఇప్పుడు నా బుగ్గ కణంలోని చుక్క దగ్గరికి వెళదాం. మూగబోవలసిన ఎక్స్ తనమీద ఉన్న ఎక్సిస్ట్ అనే జన్యువును తెరుస్తుంది. ఇది 1991లో బయటపడింది. దీన్నుంచి ప్రోటీను తయారుకాదు, పొడవాటి ఆర్ఎన్ఏ మాత్రమే వస్తుంది. ఆ ఆర్ఎన్ఏ పుట్టిన క్రోమోజోమును వదిలి పోకుండా దానిమీదే దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ దుప్పటిని స్పెన్ అనే ప్రోటీను పట్టుకుంటుంది. స్పెన్ పిలిస్తే హెచ్‌డాక్3 అనే ఎంజైము పనికి దిగి ఎసిటైళ్ళను ఊడదీస్తుంది. జన్యువుల గొంతు తగ్గుతుంది. వెనకే పాలీకాంబ్ అనే ప్రోటీన్ల గుంపులు వచ్చి తమ గుర్తులు వేస్తాయి. కండెల్లో కొన్నిచోట్ల మామూలు హెచ్2ఎ బదులు మాక్రో హెచ్2ఎ చేరుతుంది. చివరగా జన్యువుల మొదళ్ళలో డీఎన్ఏకే మిథైల్ ముద్రలు పడతాయి. అప్పుడా క్రోమోజోము ముడుచుకుని కేంద్రకం అంచుకు చేరుతుంది. కొన్ని జన్యువులు ఈ కట్టడి తప్పించుకుని మాట్లాడుతూనే ఉంటాయి గానీ, ఎక్కువభాగం జీవితాంతం మౌనం. ఎర్రసిరా ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు లేదు మాస్టారూ, ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేసిన పని అది.

పాలీకాంబ్ పేరు అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల నుంచి వచ్చింది. ఆ మగ ఈగకు ముందుకాళ్ళ మీద మాత్రమే చిన్న నల్లటి దువ్వెన ఉంటుంది. 1947లో పమేలా లూయిస్‌కు మిగతా కాళ్ళ మీదా దువ్వెనలు మొలిచిన ఈగలు దొరికాయి. ఒక్క జన్యువు దెబ్బతింటే నడిమికాలు తాను నడిమికాలినన్న సంగతి మరచి ముందుకాలిలా తయారైంది. హైదరాబాదు సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా గారి బృందం ఈ ఈగల మీదే ఏళ్ళ తరబడి పనిచేసింది.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసేది ఈ గుర్తులు వేయడం కాదు, వాటిని నిలపడం. కణం విభజన పొందే ముందు డీఎన్ఏ రెండవుతుంది. పాత పోగు మీద మిథైల్ ముద్రలు ఉంటాయి, కొత్త పోగు శుభ్రంగా బోసిగా ఉంటుంది. పాత కండెలు రెండు కాపీలకూ సగం సగం పంచుకుపోతాయి, మధ్యలో గుర్తులు లేని కొత్త కండెలు చేరతాయి. అలాగే వదిలేస్తే నాలుగైదు విభజనల్లో గుర్తంతా కరిగిపోవాలి.

మా అమ్మ వేకువనే లేచి కళ్ళాపి చల్లి చుక్కలముగ్గు పెట్టేది. ధనుర్మాసంలో ఒక రోజు పెట్టిన కాసేపటికే జల్లు పడి సగం ముగ్గు కొట్టుకుపోయింది. అమ్మ మొత్తం చెరపలేదు. ఇంకా మిగిలిన చుక్కలు చూసుకుంటూ, చెరిగిన వైపు గీతలు ఎక్కడ మలుపు తిరగాలో అక్కడే తిప్పి పూర్తిచేసింది. కణంలో యూహెచ్ఆర్ఎఫ్1 అనే ప్రోటీను ఆ పనే చేస్తుంది. ఒక పోగు మీద ముద్ర ఉండి రెండో పోగు మీద లేని తావులను వెతికి పట్టుకుని, డీఎన్ఎంటీ1 అనే ఎంజైమును అక్కడికి తీసుకొస్తుంది. అది ఎదుటి పోగు మీద ముద్ర వేస్తుంది. హిస్టోన్ల దగ్గర పీఆర్‌సీ2 అనే పాలీకాంబ్ గుంపు ఇంకా చక్కగా చేస్తుంది. అందులో ఈజెడ్‌హెచ్2 అన్నది హెచ్3 కొసలో 27వ లైసిన్ మీద మూడు మిథైళ్ళు వేసేది. దాని పక్కనే ఈఈడీ అన్నది అదే గుర్తును చదివేది. పాత కండె మీద గుర్తు ఈఈడీకి తగలగానే ఈజెడ్‌హెచ్2 చురుకై పక్కనున్న కొత్త కండె మీద అదే గుర్తు వేస్తుంది. చూసి రాయడం, రాసింది చూసి మళ్ళీ రాయడం.

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. కణం జ్ఞాపకాన్ని మనం శాసనంలా ఊహించుకుంటాం, ఒకసారి చెక్కితే ఉండిపోయేదిగా. అది ముగ్గు. ఏ విభజనకు ఆ విభజన పెట్టుకోవలసిందే. కాలేయకణం కాలేయకణంగా ఉండడం అది చేసుకుంటున్న పని. ఆ పని ఆపి చూస్తే తెలుస్తుంది. 1980లో పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ అజాసైటిడిన్ అనే మందును ఎలుక పిండకణాల మీద వేశారు. అది డీఎన్ఏలో ఇమిడిపోయి మిథైల్ వేసే ఎంజైమును బందీ చేస్తుంది. కొన్ని విభజనలు గడిచేసరికి ఆ కణాలలో కొన్ని కండరపు పోగులుగా మారాయి. అదే మందుకు 2004లో అమెరికాలో మైలోడిస్‌ప్లాసియా అనే మూలుగ జబ్బుకు అనుమతి వచ్చింది. క్యాన్సరు కణం తప్పుగా మూగబుచ్చిన జన్యువులు దీనితో కొంత గొంతు విప్పుతాయి.

ఈ ముగ్గుకు పిండి ఎక్కడిది అంటే, మన అన్నంలోనిదే. మిథైల్ గుంపు మెథియోనిన్ ద్వారా వస్తుంది, ఆ చక్రం తిరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసి చూపిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1948లో ఆయన పోయేనాటికి డీఎన్ఏ మీద మిథైల్ ముద్రల అర్థం ఎవరికీ తెలియదు. ఆకుకూర తినే ప్రతిసారీ నాకు ఆయన గుర్తుకొస్తారు.

పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఎపిజెనెటిక్స్ అనే పేరు చెప్పి ఆలోచనతో జన్యువుల్ని మార్చుకోవచ్చనీ, తాతముత్తాతల దుఃఖమంతా మన డీఎన్ఏ మీద రాసి ఉందనీ అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. బాధపడుతూ చెబుతున్నాను, నమ్మకండి. అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడూ, పిండం మొదటి రోజుల్లోనూ ఈ గుర్తుల్లో చాలాభాగం తుడిచేసి మళ్ళీ పెడతాయి మన కణాలు. తల్లి కడుపులో ఉండగా ఆకలి తగిలితే జాడ మిగలవచ్చు. 1944-45 చలికాలం కరువులో హాలండులో గర్భంలో ఉన్నవాళ్ళలో అరవై ఏళ్ళ తర్వాత కూడా ఐజీఎఫ్2 అనే జన్యువు దగ్గర మిథైల్ తక్కువగా ఉందని 2008లో చూశారు. అంతవరకే తెలుసు. అక్కడినుంచి కర్మ సిద్ధాంతానికి గెంతకూడదు.

నిజమైన దుఃఖం ఈ శాస్త్రంలో వేరేచోట ఉంది. చిన్నపిల్లల మెదడు కాండంలో వచ్చే ఒక గడ్డ ఉంది, చాలామంది ఏడాది కూడా దాటరు. 2012లో ఆ గడ్డల డీఎన్ఏ చదివితే ఎక్కువవాటిలో ఒకే తప్పు కనబడింది. హెచ్3 కొసలో ఆ 27వ లైసిన్ స్థానంలో మెథియోనిన్ వచ్చి కూర్చుంది. హెచ్3 తయారుచేసే జన్యువులు మనకు చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కటి చెడింది. అయినా కణమంతటా పీఆర్‌సీ2 గుర్తు కరిగిపోతుంది. ఒక్క అక్షరం మారితే, ముగ్గు పెట్టే చెయ్యే మొద్దుబారుతుంది.

చివరగా రెట్ సిండ్రోమ్. 1954లో వియన్నాలో డాక్టర్ ఆండ్రియాస్ రెట్ తన రోగులు కూర్చునే గదిలో తల్లుల ఒళ్ళో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్ని చూశారు. ఇద్దరూ ఒకేలా చేతులు పిసుక్కుంటున్నారు. ఈ పిల్లలు ఏడాది, ఏడాదిన్నర దాకా మామూలుగానే ఎదుగుతారు. రెండు మూడు మాటలు వస్తాయి. బొమ్మ పట్టుకుంటారు. తర్వాత మాట పోతుంది, చేతిలోంచి చెంచా జారిపోతుంది, బట్ట పిండినట్టు చేతులు పిండుకోవడం మొదలవుతుంది. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. 1999లో హుడా జోగ్బీ బృందం కారణం కనుగొంది. ఎంఈసీపీ2 అనే ప్రోటీను జన్యువు దెబ్బతినడం. ఇది డీఎన్ఏ మీద మిథైల్ ముద్రను చదివే ప్రోటీను, ఏడ్రియన్ బర్డ్ ప్రయోగశాలలో బయటపడింది. నాడీకణంలో విపరీతంగా ఉంటుంది. ముద్ర ఉన్నచోటికి హెచ్‌డాక్3నే తీసుకొస్తుంది, ఇందాక మన ఎక్స్ మీద ఎసిటైల్ ఊడదీసినదాన్నే. రాసేవాళ్ళు సరిగ్గా రాస్తున్నారు, చదివేవాళ్ళు లేరు. 2007లో బర్డ్ బృందం జబ్బుతో పెరిగి పెద్దవైన ఎలుకల్లో ఈ జన్యువును తిరిగి తెరిచింది. తడబడుతున్న ఎలుకలు నడిచాయి, ఊపిరి సర్దుకుంది. నాడీకణాలు చచ్చిపోలేదు, ఎదురుచూస్తున్నాయి.

ఇంతకీ ఆ జన్యువు ఉన్నది ఎక్స్ మీద. అందుకే ఒకే ఎక్స్ ఉన్న మగపిల్లల్లో ఈ దెబ్బ మరింత తీవ్రంగా ఉంటుంది. ఆడపిల్లల మెదడు మూడురంగుల పిల్లి బొచ్చులాంటిది. కొన్ని కణాలు మంచి ఎక్స్‌ను ఉంచుకుని చెడ్డదాన్ని మూగబుచ్చాయి, వాటికి ఇబ్బంది లేదు. మరికొన్ని చెడ్డదాన్ని ఉంచుకుని మంచిదాన్ని మూగబుచ్చాయి. జబ్బుపడ్డ ఆ ప్రతి కణంలోనూ ఏ లోపమూ లేని ఎంఈసీపీ2 జన్యువు ఉంది. ఎక్కడో కాదు, కేంద్రకం అంచున ఆ నల్లచుక్కలో.

దాన్ని మేల్కొలపాలని ఇప్పుడు పలు ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. ఎక్సిస్ట్ దుప్పటిని లాగేసి, డీఎన్ఎంటీ1ను కొంతకాలం ఆపి చూస్తున్నారు. మొత్తం ఎక్స్ లేస్తే వందలాది జన్యువులు రెట్టింపు గొంతుతో లేస్తాయి, అది ప్రమాదం. ఎంఈసీపీ2 ఒక్కటే మితిమీరినా జబ్బే, ఆ జన్యువు రెండు కాపీలున్న మగపిల్లలకు తీవ్రమైన వైకల్యం వస్తుంది. కాబట్టి ఆ చుక్కలోంచి ఒక్క జన్యువును, సరిపడా గొంతుతో మాట్లాడించాలి. ఇన్నేళ్ళూ ఎవరు మూశారని వెతికాం. ఆ చేతుల పేర్లు దాదాపు అన్నీ తెలిశాయి గనుకనే, రెట్ జబ్బు ఉన్న ఒక పిల్ల తల్లి మన ముందు కూర్చుని తెరవగలరా అని అడిగినప్పుడు, ఏ చేతిని ఎక్కడ పట్టుకోవాలో వెతకడం మొదలుపెట్టగలిగాం.